సారు ఖాళీగా ఉంచిన కుర్చీ

ఆ మధ్యాహ్నం ఉదయగిరి కొండమీద, ఒక పేము కుర్చీలో కూర్చుని నేను ఏం మాట్లాడాను? డిగ్రీ చదివే రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. నాకు నలభై దాటాయి, అది మాత్రం ముసలిదవలేదు. జవాబు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన పోయారని ఈమధ్య ఒక ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది.

చేసింది వింజమూరు మిత్రుడు. నాతో చదువుకున్నవాడు, గొర్రెల మంద ఉన్న ఇంటి నుంచి వచ్చినవాడు.

"సారు పోయినాడమ్మా. నిద్రలోనే అంట. ఆత్మకూరుకు నేను బయలుదేరతాండా, నువ్వూ వచ్చేయ్" అన్నాడు. తరవాత, అది అడగడానికే చేసినట్టు, "ఇంతకీ నువ్వు ఆయన్ని అడిగినావా?" అన్నాడు.

"అడిగినా."

"ఏం చెప్పినాడు?"

"ఏం చెప్పలేదు."

"ఇంకెవురు చెప్పాల మనకి" అని పెట్టేశాడు.

మా సారు ఆత్మకూరులో మేం చదివిన చిన్న కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. సొంతూరు ఉదయగిరి. మిగతా లెక్చరర్లు తమకు నచ్చినవి తీసుకోగా మిగిలిన పేపరు తనకు వచ్చిందని నవ్వుతూ చెప్పేవారు. అది పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యం, దాని వెనకున్న సంఘం. అందులో ప్రేమలు తక్కువ. వాదనలు, వ్యంగ్యం, ఉత్తరాలు, వ్యాసాలు ఎక్కువ. మా నాయన కిరాణా హోల్‌సేల్ కొట్లో బెల్లం దిమ్మల మధ్య పెరిగిన నాకు, విగ్గులకు పొడి అద్దుకుని ప్రతిదానికీ కారణం అడిగే ఆ మనుషులతో ఏం పనో మొదట్లో అర్థం కాలేదు.

సారు వాళ్ళను తన వరండాలోకి తెచ్చి కూర్చోబెట్టారు. శనివారం సాయంత్రాలు ఆయన ఇంటి దగ్గర క్లాసు. ఆయన భార్య, మేం ఆంటీ అని పిలిచేవాళ్ళం, పెద్ద గిన్నెతో కాఫీ తెచ్చి మధ్యలో పెట్టేది. సారు తన గ్లాసును ఉదయగిరిలో చేసే చెక్క చెంచాతోనే కలుపుకునేవారు. స్టీలు చెంచా చప్పుడుకు ఆలోచన తెగిపోతుందట. అలా కలుపుతూ లండన్ కాఫీ కొట్ల గురించి చెప్పేవారు. ఆ కాలంలో చిన్న నాణెం పెట్టినవాడు ఎవడైనా లోపలికి వచ్చి, అక్కడి పత్రిక చదివి, ఎవరితోనైనా వాదించవచ్చు. ఇంగ్లీషు వచనం అక్కడే మనిషిలాగా మాట్లాడడం నేర్చుకుందని ఆయన అభిప్రాయం.

"ఎవడైనా అంటే మగాడు" అని వెంటనే అనేవారు. "ఆడవాళ్ళు కాఫీ కాచినారు, కప్పులు కడిగినారు. దాంట్లో చక్కెర ఎక్కడో దీవుల్లో బానిసలు పండించినారు. ఈ రెండూ రాయకుండా ఆ యుగం గురించి ఎంత గొప్పగా రాసినా నేను మార్కులు వెయ్యను."

"ఈడ కాఫీ కాచేది ఎవురో, అది గూడా రాయమనండి" అనేది ఆంటీ లోపలి నుంచి.

మా జవాబు పత్రాల మీద ఆయన ఎర్ర సిరా వాడరు. ఆకుపచ్చ సిరాతో పక్కన ఒకటే మాట రాసేవారు: నీకెలా తెలుసు? నేను అందంగా రాశాననుకున్న ప్రతి వాక్యం పక్కనా అదే. మొదట ఏడుపు వచ్చేది. తరవాత రాయడానికి ముందే ఆ ఆకుపచ్చ మాట కనిపించడం మొదలైంది. ఇప్పుడు నేను నెల్లూరులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఏ మాటనూ పూర్తిగా నమ్మలేని నా గుణాన్ని ఇంట్లోవాళ్ళు జబ్బంటారు. నాకది ఆయన ఇచ్చిన ఆస్తి.

వరండా చివర ఒక తేలికపాటి పేము కుర్చీ ఉండేది. దానికి కాదనేవాడి కుర్చీ అని పేరు పెట్టారు. ఆ కాలపు రచయితలు ఎదురుగా ఒక కాదనేవాణ్ణి ఊహించుకుని, వాడితో వాదిస్తూ రాసేవాళ్ళని చెప్పేవారు. ఆ కుర్చీకి ఒకటే నియమం. అందులో కూర్చున్నవాళ్ళు తాము నమ్మినదానికి వ్యతిరేకంగా వాదించాలి, అది కూడా ఎదుటివాడికి అనుమానం రాకుండా. మాంసం తినడం తప్పని వాదించమని ఒకసారి వింజమూరు మిత్రుణ్ణి కూర్చోబెట్టారు. "మా నాయన వింటే మందతో పాటు నన్నూ సంతలో అమ్మేస్తాడు సార్" అని మొదలుపెట్టి, చివరికి మా అందరికీ ఆ వారం మాంసం మీద మనసు పోకుండా చేశాడు.

ఒక శనివారం దెయ్యాల పాఠం వచ్చింది. ఆ కాలంలో లండన్‌లో ఒక ఇంట్లో గోడ వెనక టకటక చప్పుడు మొదలైందట. చచ్చిపోయిన ఆడమనిషి ఏదో చెప్పాలనుకుంటోందని ఊరంతా ఎగబడింది. అప్పుడు చదువుకున్న పెద్దమనుషులు కొందరు కొవ్వొత్తులు పట్టుకుని పోయి, చర్చి కింద శవపేటికలుండే గదిలో నిలబడి, పిలిచి, విని, ఏమీ వినబడలేదని రాసి వచ్చారు. సారుకు ఆ కథంటే ప్రాణం.

"ఎగతాళి చెయ్యలేదు చూడండి. పోయినారు, అడిగినారు, విన్నారు, ఆ తరవాతే లేదన్నారు."

నేను అడిగాను, "మరి అంత వెలుగు వచ్చిన కాలంలోనే కవులు సమాధుల మధ్యకు పోయి ఎందుకు కూర్చున్నారు సార్? పాడుబడ్డ కోటల కథలు ఎందుకు రాశారు?"

ఆయన గ్లాసులో చెక్క చెంచా ఆగింది. "పోయి అడుగుదామా?" అన్నారు.

ఉదయగిరి కొండమీద, కోట దారిలోంచి కొంచెం పక్కకు పోతే, కప్పు సగం కూలిన ఒక పెద్ద గది ఉందని, మిట్టమధ్యాహ్నం అక్కడ ఒక ఆడమనిషి మాట్లాడుతున్నట్టు వినబడుతుందని, మాటలు మాత్రం అర్థం కావని సారు చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిందట. గొర్రెలు తోలేవాళ్ళు ఆ వేళకు మందను అటు పోనివ్వరట. "వాళ్ళు కొవ్వొత్తి పట్టుకపోయినారు. మనం ఏకంగా సూర్యుణ్ణే పట్టుకపోదాం. నడినెత్తిన ఎండ ఉంటే దాక్కోడానికి నీడేది?" అన్నారు.

ఎంత తప్పు లెక్కో నాకు చాలా ఏళ్ళ తరవాత గానీ తట్టలేదు. ఆ చలి దేశంలో భయం చీకట్లో ఉంటుంది. అందుకే వాళ్ళు తెలివికి వెలుగని పేరు పెట్టుకున్నారు. మా అవ్వ మమ్మల్ని రాత్రి కంటే మిట్టమధ్యాహ్నమే ఎక్కువ కాపలా కాసేది. తలంటుకుని జుట్టు విరబోసుకున్న పిల్ల ఆ వేళ గడప దాటకూడదు. వీధులు ఖాళీ అయి, కుక్కలు కూడా అరవడం మానేసి, నీడలు కాళ్ళ కిందికి దూరే ఆ వేళ మనది కాదని అవ్వ నమ్మకం. ఉదయగిరిలో పుట్టిన సారుకు ఇది తెలియదని కాదు. పుస్తకంలోని వెలుగును చూస్తూ చూస్తూ, మన ఎండ కూడా అదే వెలుగనుకున్నారు.

మేము కొద్దిమందిమే పోయాం. వింజమూరు మిత్రుడు, సోమశిల నుంచి వచ్చే నా స్నేహితురాలు, నేను, ఇంకొందరు. కుర్చీ కూడా వచ్చింది. దాన్ని నెత్తిన పెట్టుకుని ముళ్ళకంపల మధ్య ఎక్కుతూ, "దెయ్యానికి కుర్చీ మోసే ఉద్యోగం మా వంశంలో నాకే వచ్చింది" అని వింజమూరు మిత్రుడు దారి పొడుగునా గొణిగాడు. పైకి పోయేకొద్దీ నవ్వులు తగ్గాయి. గది దగ్గరికి వచ్చేసరికి కంపల్లో పురుగుల రొద ఒక్కసారిగా ఆగింది. కూలిన కప్పులోంచి ఎండ నిలువుగా పడుతోంది. లోపల గచ్చు మీద ఎవరి నీడా లేదు, మాది కూడా.

సారు కుర్చీని మధ్యలో వేయించారు. "ఎవరు కూర్చుంటారు?" అన్నారు.

నేనే కూర్చున్నాను. దెయ్యాలు లేవని నేను నమ్మాను కాబట్టి, ఉన్నాయని వాదించే హక్కు నాదే. పేము కాలిపోతోంది. మొదటి వాక్యం ముందే ఇంగ్లీషులో తయారు చేసుకున్నాను. నన్ను మీరు చూడలేకపోతే ఆ లోపం నాది కాదు అని. అది అన్నాను. ఎదురుగా సారు నవ్వడం చూశాను.

ఆ తరవాత నాకు గుర్తున్నది, సోమశిల స్నేహితురాలు నా మొహం మీద నీళ్ళు చల్లడం. గోడ నీడ కుర్చీ దాకా వచ్చేసింది. నా కాళ్ళకు చెప్పులు లేవు. అవి కొంచెం దూరంలో, పక్కపక్కన, గోడకు ముఖం పెట్టి, ఎవరో వచ్చి విడిచినంత ఒద్దికగా ఉన్నాయి. నేను విడవలేదు. విడిచానేమో. సారు నా వైపే చూస్తున్నారు, కానీ ఆ చూపు నా తలకు కొంచెం పైన ఆగింది.

"బాగా వాదించినావమ్మా. ఇంక దిగుదాం" అన్నారు.

దిగేటప్పుడు కుర్చీని ఎవరికీ ఇవ్వలేదు. ఆయనే మోసుకొచ్చారు.

ఏం మాట్లాడానని నేను అందరినీ అడిగాను. "మందలోంచి తప్పిపోయిన గొర్రె గురించి చెప్పినావు. పొద్దుగూకేదాకా అది అరిస్తానే ఉండాదంట, ఎవురూ వెనక్కి తిరిగి రాలేదంట. తెలుగులోనే చెప్పినావు" అన్నాడు వింజమూరు మిత్రుడు. సోమశిల స్నేహితురాలు ఒప్పుకోలేదు. ఆమె పాత ఊరు రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. "కాదు, ఇంగ్లీషులోనే. ఇంటికి తాళం వేసి అందరూ వెళ్ళిపోయారనీ, లోపల ఒకామె మిగిలిపోయిందనీ, నీళ్ళు గడప దాకా వచ్చాయనీ అన్నావు" అని ఏడ్చేసింది. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. చదువుకున్నదాన్ని కదా, కారణం నాకు దొరికింది. ఎండదెబ్బకు నాకు స్పృహ తప్పి ఏదో గొణిగి ఉంటాను, ఎవరి దుఃఖం వాళ్ళకు వినబడి ఉంటుంది. మరి సారుకు ఏం వినబడింది? ఆయన మాత్రం చెప్పలేదు.

విషయం అవ్వకు చేరింది. సారును నాలుగు తిట్టి, గాలి సోకినవాళ్ళను తీసుకుపోయే అనుమసముద్రంపేట దర్గాకు నన్ను తీసుకుపోతానని పట్టుబట్టింది. నాయన వద్దన్నా వినలేదు. బస్టాండులో చూస్తే సారు నిలబడి ఉన్నారు, మాతో వస్తానని.

దర్గా ఆవరణలో గులాబీల, సాంబ్రాణి వాసనల మధ్య, చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన నా పక్కన నేలమీద కూర్చున్నారు. అవ్వ ఊరుకుంటుందా?

"ఏం సారూ, మీ లండన్ దొరలు దీనికేమంటారు?"

"వాళ్ళు గూడా వచ్చి కూర్చునేవాళ్ళే అవ్వా. కాఫీ దొరకదని మాత్రం సణిగేవాళ్ళు."

అవ్వ నవ్వింది. ఆ రోజుతో ఆయన్ని క్షమించేసింది. చుట్టూ తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు, ఊగేవాళ్ళు, మౌనంగా గోడకు ఆనుకున్నవాళ్ళు. సారు సాయంత్రం దాకా కదల్లేదు. నాకు మనసు నెమ్మదించింది. ఎందుకు నెమ్మదించిందని ఆయన అడగలేదు. జీవితంలో ఆయన నీకెలా తెలుసు అని అడగని రోజు అదొక్కటే.

ఆ తరవాత ఆ కుర్చీలో ఆయన ఎవరినీ కూర్చోనివ్వలేదు. వరండా చివర దాని చోటు మారలేదు. పాఠం మధ్యలో దాని వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అని అడిగేవారు. ఆగేవారు. ఎదుటి మనిషి ఒక మాట అని, ఊపిరి తీసుకుని, ఇంకో మాట కలిపితే ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఒక్కోసారి మధ్యలో అడ్డం పోబోయి, వద్దులే చెప్పనీ అన్నట్టు చెయ్యి దించుకునేవారు. అప్పుడు జవాబు చెప్పేవారు. ఆయన చెప్పే జవాబును బట్టి ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించడం మాకు అలవాటైంది. ఆ ప్రశ్నలు నిజంగా గొప్పవి. కారణమే కొలబద్ద అయితే, కారణం చెప్పుకునే భాష దొరకనివాళ్ళ సంగతి ఏమిటి? అన్నీ రాసిపెట్టిన ఆ యుగం ఎవరిని రాయలేదు? మా తరవాతి బ్యాచులు దాన్ని సారు స్టైలు అనుకున్నాయి. కాలేజీ వార్షికోత్సవంలో దాన్ని అనుకరించి నవ్వించేవాళ్ళట. మొదటి వరసలో కూర్చుని ఆయనా నవ్వేవారట.

నేను పీజీకి వెళ్ళాను, ఉద్యోగంలో చేరాను. ఆత్మకూరు వచ్చినప్పుడల్లా ఆయన్ని చూసేదాన్ని, ఆ ప్రశ్నను మాత్రం నాలుక చివరనుంచే వెనక్కి తెచ్చుకునేదాన్ని. కిందటి వానల్లో పోయినప్పుడు ఆయన బాగా చిక్కిపోయారు. కాఫీని ఇంకా ఆ చెక్క చెంచాతోనే కలుపుకుంటున్నారు. ఇక ఆగలేక అడిగేశాను.

"సార్, ఆ రోజు కొండమీద నేనేం చెప్పాను?"

ఆయన నన్ను చూడలేదు. కుర్చీ వైపు చూసి, పాత నవ్వు నవ్వి, "అడగాల్సింది నన్ను కాదు గదమ్మా" అన్నారు.

అది హాస్యమే. ఆయన అలాగే మాట్లాడేవారు. నేనూ నవ్వాను. నవ్వుతూ కుర్చీ వైపు చూశాను. చూసి, గబుక్కున కళ్ళు తిప్పుకున్నాను.

కర్మ అయిన మరునాడు ఆంటీ నన్ను వరండాలోకి పిలిచింది. చుట్టాలు లోపల పడుకున్నారు. మధ్యాహ్నం. ఆమె కుర్చీకి దూరంగా, గోడ వారగా కూర్చుంది.

"నాకు ఇంగ్లీషు రాదు. నువ్వు చదివినదానివి, నీకే తెలియాల" అంది. "చివర చివర దినామూ ఈ కుర్చీతో ఇంగ్లీషులో మాట్లాడినాడు. నేను కాఫీ తెస్తే ఆగమని చెయ్యి ఎత్తేవాడు, అవతలోళ్ళు మాట్లాడతాంటే ఎత్తినట్టు. మా వదిన మంత్రం వేయిద్దామనింది. నేను ఒప్పుకోలా. ఆయన సంగతి నీకు తెలుసు గదా, అట్టాంటివి చేస్తే లేచొచ్చి తిడతాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన తెలివిలోనే పోయినాడా, ఇంకేందన్నా పట్టిందా, అదొక్కటి తెలిస్తే నాకు కన్ను మూత పడతాది. చెప్పు. అది పాఠమా, ఇంకోటా?"

ఆకుపచ్చ సిరా కళ్ళ ముందు కదిలింది. నీకెలా తెలుసు? నాకు తెలియదు. కానీ ఆమె కళ్ళు ఎన్నాళ్ళుగానో నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"పాఠమే ఆంటీ. ఆ కాలం వాళ్ళ పద్ధతి అది. ఆయనకు చివరిదాకా తెలివి చెదరలేదు" అన్నాను.

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. "మరి పాఠమైతే ఎప్పుడన్నా ఆయనే గెలవాల గదా. ఆ చివరి దినాల్లో ప్రతిసారీ, సరే నువ్వు చెప్పిందే నిజం అని తల ఊపేవాడు. ఆ మాట తెలుగులోనే అనేవాడు" అంది.

నేను తల దించుకున్నాను.

"పోనీలే. పాఠమన్నావు, నాకు అంతే చాలు" అని లేచింది. "అట్టయితే దీన్ని నువ్వే తీసకపో. పాఠమైతే నీకు పనికొస్తాది గదా."

కాదనడానికి నాకు దారి లేదు. అన్న మాట మీద నేను నిలబడాలి. ఆ రాత్రి ఆమె నిద్రపోయిందని పొద్దున వాళ్ళ వదిన చెప్పింది. సారు నాకు చేసిన మేలుకు బదులు ఏదైనా చేశానంటే అదొక్కటే. అది కూడా నాకు తెలియని మాట ఒకటి తెలిసినట్టు చెప్పి.

కుర్చీతో నెల్లూరు బస్సెక్కాను. బస్సు నిండుగా ఉంది. "సీట్లు ఉండవని ఇంట్లోంచే తెచ్చుకున్నారా మేడం? కూర్చోండి మరి" అన్నాడు కండక్టరు. చుట్టూ నవ్వారు. డ్రైవరు వెనక ఖాళీలో దాన్ని ఆనించి, నెల్లూరు దాకా నిలబడే వచ్చాను. బస్సంతా కిక్కిరిసినా, ఆ కుర్చీలో ఒక సంచీ అయినా పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడది నా గదిలో, నేను పేపర్లు దిద్దే బల్లకు ఎదురుగా ఉంది. మిట్టమధ్యాహ్నం కిర్రుమంటుంది. ఎండకు పేము బిగుసుకుంటుంది, అది నాకు తెలిసిన కారణం, నిజమైన కారణం. అయినా ఆ చప్పుడుకు నా పెన్ను ఆగుతుంది. వద్దనుకుంటూనే, సారు ఆగినంతసేపూ ఆగుతున్నాను. అప్పుడు నాలో ఒక ప్రశ్న పుడుతుంది, నేను సొంతంగా వేయగలిగిన వాటికంటే మంచి ప్రశ్న. అది నాకు ఆయన నేర్పిందో, అటువైపు నుంచి వచ్చిందో చెప్పలేను. ఆ రోజు కొండమీద మాట్లాడింది నేనేనా, సారు అన్నేళ్ళూ విన్నది ఎవరిని, ఆంటీకి నేను చెప్పింది అబద్ధమా, ఈ మూడింట్లో ఒక్కటీ తేల్చుకోలేకపోయాను. తేలినట్టు రాస్తే ఆయన ఒప్పుకోరు.

నిన్న మధ్యాహ్నం పేపర్లు దిద్ది లేచేసరికి, హడావిడిగా గుమ్మం దగ్గర విసిరేసిన నా చెప్పులు పక్కపక్కన, గోడకు ముఖం పెట్టి, ఒద్దికగా ఉన్నాయి. పనిచేసే ఆమె సర్ది ఉంటుంది. ఈ పొద్దున ఆమె వచ్చి, ఇల్లు తుడిచి, వెళ్ళిపోయింది. నేను అడగలేదు.